గుండెకు కొలిచి యిచ్చిన మందు



నేడు నేను చెప్పబోవునది గుండెజబ్బునకు వాడు ఒక మందుయొక్క చరిత్ర. ఆ చరిత్రలో కొంతభాగము దూరదేశములలో నడచినది. కొంతభాగము మన సంగారెడ్డి, పటాన్‌చెరువు పొలిమేరలలోనే నడచినది. కావున దీనిని పరదేశవార్తగా నెంచక, ఇంటివార్తగా వినుడని ప్రార్థించుచున్నాను.

మొదట ఒక మాటను గూర్చి విచారింతము. వైద్యుడిచ్చు గోళీని మనము 'మాత్ర' యందుము. ఈ మాటకు అసలైన అర్థము కొలత. చరకసంహితలో సూత్రస్థానమునందలి అయిదవ అధ్యాయమునకు 'మాత్రాశితీయ' మని పేరు. కొలతనెఱిగి తినుటను గూర్చిన అధ్యాయమది. ఛందస్సు చదివినవారికి మాత్ర యనగా కాలము. లఘువును పలుకుటకు పట్టు కాలము ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. ఈ విధముగా ఎంత యను ప్రశ్నయు, ఎంతసేపు అను ప్రశ్నయు ఒక్క పదములో ఒదిగియున్నవి. మన పూర్వులకు నేటి విద్యలన్నియు ముందే తెలియునని చెప్పుటకు ఈ మాట నెత్తలేదు. అట్టి డంబము నాకు గిట్టదు. నేను చెప్పబోవు కథకు ఈ రెండర్థములును కావలసివచ్చును గనుక ఎత్తితిని.

గుండె యనునది కండ. ఒడలికంతటికిని రక్తమును తోడిపోయు ఆ కండకును రక్తము కావలయును. దానిని తెచ్చు ధమనులు గుండెపైననే అల్లుకొని యుండును. ఏండ్ల తరబడి ఆ ధమనుల గోడలలో కొవ్వు పేరుకొని, ఒకనాడు ఆ పేరుకొన్న భాగము చిట్లును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారిని మూసివేయును. కాలువ పూడినపుడు చివరి మడి ఎండినట్లు, దానికి దిగువనున్న కండ చచ్చుట మొదలిడును. ఇది నిమిషములలో మొదలై గంటలలో ముగియు పని. చచ్చిన కండ మఱల మొలవదు. ఆ చోట మచ్చ కట్టును. ఈ వ్యాధి లక్షణములను సమగ్రముగా వర్ణించి, గడ్డకట్టిన రక్తమే దీనికి కారణమనియు, ఇది సోకిన వారందఱును అప్పుడే చనిపోరనియు 1912లో చాటినవాడు అమెరికాదేశమందలి జేమ్స్ హెరిక్ అను వైద్యుడు. ఇచట ఒక మాట చెప్పక ముందునకు పోజాలను. ఛాతిలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట — ఇవి కానవచ్చినవానిని గ్యాసు పట్టినదని వాము నమలించుచు తెల్లవారువఱకు కూర్చుండబెట్టుట మన పల్లెలలో నేటికిని కలదు. ఆ రాత్రియే కండ చచ్చిపోవు కాలము.

సరి, మనిషి బ్రదికెననుకొందము. గుండెలో కొంతభాగము పోయినది. మిగిలిన భాగము అంతటి పనిని తానే మోయవలయును. శరీరము ఈ కొఱతను కనిపెట్టి, గుండెను త్వరపెట్టు రసములను రక్తములోనికి వదలును. అలసిన యెద్దును ములుగఱ్ఱతో పొడిచినట్లుండును ఆ పని. ఎద్దు కొంతదూరము పరుగెత్తును, పిదప కూలబడును. గుండెయు అట్లే వేగముగా కొట్టుకొని, క్రమముగా సాగి, పెద్దదై, బలహీనమగును. ఆ ములుగఱ్ఱను పట్టి ఆపగల మందును, ప్రొప్రనొలాల్ అనుదానిని, 1960వ దశకమున కనిపెట్టినవాడు స్కాట్లండుదేశీయుడు జేమ్స్ బ్లాక్. ఆతనికి 1988లో నోబెల్ బహుమానము లభించినది. ఆ కుటుంబమునకే చెందిన తరువాతి మందు మెటోప్రోలాల్. స్వీడన్ దేశములో గోటెబోర్గ్ అను రేవుపట్టణము కలదు. దానికి ఆనుకొనియున్న మోల్న్‌డాల్ ఊరిలో హెస్లె అను సంస్థవారు దీనిని తయారుచేసిరి. ఈ పట్టణము పేరు జ్ఞాపకముంచుకొనుడు; మఱల వచ్చును.

ఆ గోటెబోర్గ్ పట్టణపు వైద్యులే ఈ మందును గుండెపోటు వచ్చినవారికిచ్చి పరీక్షించిరి. మొత్తము 1,395 మంది రోగులు. సగముమందికి మందు, సగముమందికి మందువలెనే కనిపించు ఉత్తి గోళీ. ఎవరికేది యిచ్చిరో రోగికిని తెలియదు, చూచు వైద్యునికిని తెలియదు. మూడు నెలలు గడచిన పిదప లెక్క చూడగా, ఉత్తి గోళీ మ్రింగినవారిలో నూటికి 8.9 మంది మరణించిరి. మందు తీసికొన్నవారిలో నూటికి 5.7 మంది. ఈ ఫలితములు 1981లో అచ్చయినవి.

ఇక రెండవ ప్రశ్న, అనగా ఎంతసేపు అను ప్రశ్న. మెటోప్రోలాల్ రక్తములో నిలుచునది స్వల్పకాలము. మూడు మొదలు ఏడు గంటలలో సగము పోవును. ఉదయము మాత్ర వేసికొన్నచో ఒక గంటకు మందు మిక్కుటమై తల తిరుగును. సాయంకాలమునకు ఏమియు మిగులక గుండె మఱల పరుగు లంకించుకొనును. తెల్లవారుజామున గుండెపోట్లు హెచ్చుగా వచ్చునని వైద్యులందురు. సరిగా ఆ వేళకే రాత్రి వేసికొన్న మందు అడుగంటియుండును. దినమునకు రెండు మూడు పర్యాయములు తప్పక వేసికొనుమన్న, పొలము పనిలోనున్నవాడు ఎన్నిదినములు జ్ఞాపకముంచుకొనగలడు?

శివాలయములో లింగముపై వ్రేలాడు ధారాపాత్రను చూడని వారుండరు. బిందె నీటిని ఒక్కమాఱు కుమ్మరించిన అర్చన క్షణములో ముగియును. అవే నీళ్లు పాత్ర అడుగున నున్న సన్నని రంధ్రముగుండా జారినచో దినమెల్ల అభిషేకము జరుగును. మందును ఈ రీతిగా జార్చు ఉపాయమును వ్యాపారముగా మొదట నడపినవారు అమెరికాలోని స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీవారు. 1952లో వారు స్పాన్స్యూల్ అను పేర ఒక గొట్టపుమాత్రను విడుదల చేసిరి. దానిలో ఆవగింజలవంటి గుళికలు వందలకొలదిగ నుండును. కొన్నిటికి పైపూత పలుచన, కొన్నిటికి దళసరి. పలుచనివి ముందుగా కరగును, దళసరివి వెనుకగా కరగును. మెటోప్రోలాల్ విషయమున స్వీడన్ వారు దీనిని ఇంకను మెఱుగుపఱచిరి. ఒక్కొక్క గుళికయు ఒక్కొక్క ధారాపాత్ర. దాని చుట్టు నీటిలో కరగని సన్నని పొర యుండును. కడుపులోని నీరు ఆ పొరగుండ లోనికి ఊఱి, లోపలి మందును కరగించి, కొంచెము కొంచెముగ వెలికి తెచ్చును. అట్టి గుళికలు అనేకము చేర్చి ఒక మాత్రగా ఒత్తుదురు. మాత్ర కడుపులో విచ్చిన పిదప గుళికలు వేర్వేరై సుమారు ఇరువది గంటలపాటు సమముగా మందు నిచ్చుచుండును. దినమునకు ఒక్కటి చాలును.

ఈ నిదానపు మాత్రనే 3,991 మంది రోగులపై అమెరికాలోను యూరపుదేశములలోను పరీక్షించిరి. వీరందఱును గుండె నీరసించినవారు. వీరిలో పెక్కుమందికి రక్తనాళములు మూసికొనుటయే ఆ నీరసమునకు మూలము. 1999లో వెలువడిన ఫలితమును బట్టి, ఈ మాత్ర వేసికొన్నవారిలో మరణములు నూటికి 34 వంతులు తగ్గినవి. చచ్చిన కండను ఈ మందు బ్రదికింపదు. బ్రదికియున్న కండకు విశ్రాంతినిచ్చి, సాగిపోయిన గుండె కొంతవఱకు తన పూర్వాకారమునకు వచ్చుటకు వీలు కల్పించును. దీనిని బాగుచేయుట యనవచ్చునా యని పండితులు తర్కింతురు, రోగి తర్కింపడు. అయితే ఇదియు అందఱికిని అక్కఱలేదు. 2024లో స్వీడన్‌నుండియే వెలువడిన మఱియొక పరీక్షలో, గుండెపోటు వచ్చినను గుండె బలము చెడనివారికి ఈ జాతి మందులవలన విశేషలాభము కనబడలేదు. ఎవరికి కావలయునో ఎవరికి వలదో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. ఆయన చెప్పక తమంతట తాము మానివేయుట మాత్రము ప్రమాదము. ఈ మందును హఠాత్తుగా ఆపినచో గుండె తిరుగబడును.

పెద్దలకు మఱియొక మనవి. మ్రింగుట కష్టమని మాత్రను నమలుట, కల్వములో నూఱి తేనెతో నాకించుట మన యిండ్లలో కలదు. ఆయుర్వేదపు గుళికకు అది చెల్లును. నిదానపు మాత్రను నూఱినచో ధారాపాత్రను పగులగొట్టినట్లే. దినమంతటి మందును ఒక్కగంటలో ఒంటికెక్కును. చీటీమీద మందు పేరు చివర ఎక్స్‌ఎల్, ఇఆర్, ఎస్‌ఆర్ వంటి అక్షరములున్నచో నూఱకుడు, నమలకుడు. నడుమ గీత యున్నవానిని వైద్యునడిగి సగమునకు విఱువవచ్చును. గీత లేనివానిని విఱువరాదు. ఈ విడుదల కాలమును పారిశ్రామికులు ఎంత పట్టుదలతో పరీక్షింపవలెనో తెలియుటకు ఒక వార్త చాలును: మన హైదరాబాదు కంపెనీ యొకటి అమెరికాకు పంపిన ఈ మాత్రల సీసాలను 2014లో వేలసంఖ్యలో వెనుకకు తీసికొనవలసివచ్చినది. అందు మందు తక్కువ కాలేదు, కల్తీ జరుగలేదు. మాత్ర కరగవలసిన లెక్కప్రకారము కరగలేదు; అదియే దోషము.

మందును కడుపుగుండ పంపక నేరుగా గుండె నాళములోనే వదలు ఉపాయము వేఱొకటి కలదు. మూసికొన్న నాళములోనికి సన్నని తీగెపై చిన్న బుడగను పంపి ఉబ్బించి దారి తెఱచుటను 1977లో జ్యూరిక్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ అను వైద్యుడు చేసి చూపెను. తెఱచిన దారి మఱల మూసికొనకుండ లోహపు జల్లెడగొట్టమును నిలుపుట 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లండు దేశములలో మొదలైనది. దానినే స్టెంటు అందురు. మన హైదరాబాదులో డాక్టరు సోమరాజు గారును, రక్షణ పరిశోధనశాలల శాస్త్రజ్ఞులు అబ్దుల్ కలాం గారును కలిసి 1990వ దశకమున చవుకగా లభించు దేశీయపు స్టెంటును సిద్ధముచేసిరి. క్షిపణులకు వాడు లోహవిద్య గుండెకు పనికివచ్చినది. కాని వట్టి లోహము చుట్టును కొందఱికి కండ పెరిగి దారి మఱల పూడుచుండెను. ఆ పెరుగుదలను ఆపుటకు దొరకిన మందు చరిత్ర విచిత్రమైనది. పసిఫికు మహాసముద్రములో ఏకాకియైన ఈస్టరు ద్వీపమునకు 1964లో కెనడా యాత్రికులు పోయి మన్ను తెచ్చిరి. ఆ మంటిలోని సూక్ష్మజీవి నుండి, పంజాబున జన్మించి మాంట్రియల్‌లో పనిచేయుచుండిన సురేన్ సెహగల్ అను శాస్త్రజ్ఞుడు ఒక పదార్థమును వేఱుచేసెను. ద్వీపవాసుల భాషలో ఆ ద్వీపమునకు రాపా నుయి యని పేరు. అందుచే మందునకు రాపమైసిన్ అని పేరు పెట్టిరి. సిరోలిమస్ అనునదియు అదియే. స్టెంటుకు దీనిని పూతగా పూసి, కొన్ని వారములపాటు నాళపుగోడలోనికి ఊఱునట్లు చేసి, 1999 డిసెంబరులో బ్రెజిల్ దేశమందు ఎదువార్దో సౌసా అను వైద్యుడు మొదటి రోగికి అమర్చెను.

అట్టి మందుపూత స్టెంట్లు నేడు మన సంగారెడ్డి జిల్లాలోనే తయారగుచున్నవి. అమీన్‌పూర్ మండలములోని సుల్తాన్‌పూరు వద్ద 2017లో వైద్యపరికరముల పార్కునకు పునాది వేసిరి. అందు సూరతునుండి వచ్చిన సహజానంద మెడికల్ టెక్నాలజీస్ సంస్థ నెలకొల్పిన స్టెంటు కర్మాగారము 2022లో తెఱువబడినది. వెలను గూర్చియు ఒక మాట. లక్షకు పైబడి అమ్ముచుండిన మందుపూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము 29,600 రూపాయల గరిష్ఠధరను నిర్ణయించినది. గుండెపోటుకు రెండెకరములమ్మిన కుటుంబములను ఎఱిగినవారికి ఆ యుత్తరువు విలువ తెలియును.

కండనే మఱల కట్టు ప్రయత్నములును జరుగుచున్నవి. 2025లో అమెరికాలోని మాసచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు గుండెపై అతికింపదగిన ఒక మెత్తని పట్టీని ప్రకటించిరి. అందు మూడు మందులు వేర్వేరు గుళికలలో నుండును. మొదటిది తొలి మూడు దినములలోను, రెండవది ఏడవ దినము మొదలు తొమ్మిదవ దినమువఱకును, మూడవది పండ్రెండవ దినము మొదలు పదునాలుగవ దినమువఱకును విడుదలయగును. ముందు చావనున్న కణములను కాపాడుట, పిదప క్రొత్త రక్తనాళములను మొలపించుట, కడపట మచ్చ ముదురకుండ చేయుట వాని పనులు. పురుటాలికి దినమునకొక కషాయమును మార్చి యిచ్చు మంత్రసాని క్రమము దీనిని విన్నపుడు జ్ఞప్తికి వచ్చినది. ఇది ఇప్పటికి ఎలుకలలో మాత్రమే ఫలించినది.

ఇక ఈ మందుల పరిశ్రమ జొన్న, వరి పండు మన చెఱువుల నడుమకు ఎట్లు వచ్చినదో చెప్పవలయును. స్వాతంత్ర్యము వచ్చిననాడు మనదేశమున మందుల ధరలు మిక్కిలి యధికము. మందుల వ్యాపారము చాలవఱకు విదేశీయుల చేతులలో నుండెను. 1961లో కేంద్రప్రభుత్వము సోవియట్ దేశపు సాయముతో ఇండియన్ డ్రగ్సు అండ్ ఫార్మస్యూటికల్సు అను సంస్థను స్థాపించి, దాని రసాయన కర్మాగారమును హైదరాబాదు శివారున బాలానగరమునందు కట్టించినది. మనవాండ్రు ఐ.డి.పి.ఎల్. అని పిలిచినది దానినే. అచట పని నేర్చిన రసాయనజ్ఞులే తరువాతి తరమునకు గురువులైరి. 1970లో చేయబడి 1972లో అమలులోనికి వచ్చిన పేటెంటు చట్టము మందునకు పేటెంటు లేదనియు, మందును చేయు విధానమునకే కలదనియు విధించినది. అనగా పరదేశపు మందును వేఱొక మార్గమున చేయగలవానికి అడ్డు లేకపోయినది. వంటకము ఎవరి సొత్తును కాదు, వండు తీరు మాత్రమే సొత్తు అన్నట్లు. ఈ యేర్పాటు 2005 వఱకు నిలిచినది.

ఐ.డి.పి.ఎల్.లో 1969 మొదలు 1975 వఱకు పనిచేసినవారిలో ఒకరు గుంటూరుజిల్లా తాడేపల్లి వాస్తవ్యులు, పసుపు పండించు రైతు కుమారులు కల్లం అంజిరెడ్డి గారు. వారు 1984లో డాక్టరు రెడ్డీసు లేబరేటరీసు సంస్థను స్థాపించిరి. దాని తొలి సరకు మిథైల్‌డోపా, అనగా రక్తపుపోటును తగ్గించు మందు. గుండె సేవతోనే ఆ వ్యాపారము మొదలైనదన్నమాట. అప్పటికే పటాన్‌చెరువునందు పారిశ్రామికవాడ వెలసియుండెను. వెనుకబడిన ప్రాంతమని మెదకు జిల్లాకు రాయితీలుండెను. 1980లో శ్రీమతి ఇందిరాగాంధి మెదకునుండియే లోకసభకు ఎన్నికయినారు. హైదరాబాదు సమీపము, బొంబాయి రహదారి ప్రక్కన, నేల చవుక. పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము, కాజీపల్లి, జిన్నారము — ఈ యూళ్ల పేరులు అమెరికాలోని ఔషధాధికారుల దస్త్రముల కెక్కినవి. నాటి మెదకు జిల్లాలోని ఈ భాగమే 2016 నుండి సంగారెడ్డి జిల్లాగా నున్నది. ఇచటి మందువలన ప్రపంచమున ఎందఱో పేదరోగులు బ్రదికిరనుటలో సందేహము లేదు. అది మన గౌరవము. ఈ గౌరవమును మొదట చెప్పి పిమ్మట మిగిలినది చెప్పుట న్యాయము.

రసాయన కర్మాగారములో ఒక శేరు మందు తయారగుటకు అనేక శేరుల ద్రావకములు, ఆమ్లములు, నీళ్లు కావలయును. మందు డబ్బాలోనికి పోవును. కడిగిననీరు బయటికి పోవును. బయట అనగా ఇసుకవాగు. ఇసుకవాగు నక్కవాగులో కలియును, నక్కవాగు మంజీరలో కలియును. ఆ నీటితోనే తరతరములుగా వరి పండించుచుండిన రైతులకు 1980వ దశకమున నీరు రంగు మాఱుట, చేపలు తేలుట, బావి నీళ్లు నురుగు కట్టుట, పైరు పొట్టదశలోనే ఎఱ్ఱబాఱుట కనబడినవి. పటాన్‌చెరువులో వైద్యము చేయుచుండిన డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు రైతులను వెంటబెట్టుకొని దశాబ్దములపాటు ఈ విషయమున పోరాడిరి. 1990లో వ్యాజ్యము సుప్రీముకోర్టు కెక్కినది. సంగారెడ్డి జిల్లా న్యాయమూర్తి చేత కోర్టువారు విచారణ జరిపించి, నష్టపడిన రైతులకు పరిహారము నిప్పించిరి. 2001లో వ్యాజ్యము రాష్ట్ర హైకోర్టునకును, అటుపిమ్మట హరిత ట్రిబ్యునలునకును మాఱినది. ఆ వ్యాజ్యము నడచుచుండగనే దుక్కి దున్నువారు కొందఱు కాలము చేసిరి. వారి కుమారులు అవే కర్మాగారములలో కూలికి చేరిరి.

ఈలోపల కర్మాగారముల మురికినీటిని ఒకచోట చేర్చి శుద్ధిచేయుటకు పటాన్‌చెరువు ఎన్విరోటెక్ అను ఉమ్మడి కేంద్రము ఏర్పడినది. సుమారు 90 మందుల కర్మాగారములనుండి నీరు ట్యాంకరులలో అచటికి వచ్చుచుండెను. 2007లో ఆ కేంద్రమునుండి శుద్ధియై బయటికి వదలిన నీటిని పరీక్షించి ఫలితములను ప్రకటించినవారు ఎవరనుకొన్నారు? గోటెబోర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోయాకిమ్ లార్సన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును. మెటోప్రోలాల్ పుట్టినదియు, గుండెపోటు రోగులయందు దాని గుణము నిరూపింపబడినదియు ఏ పట్టణమందో, ఆ పట్టణమువారే మన వాగునీటిలో దానిని కనుగొనిరి.

నీటిలో అన్నిటికన్న మిక్కుటముగ నున్నది సిప్రోఫ్లాక్సాసిన్, అనగా జ్వరములకు, పుండ్లకు వాడు క్రిమినాశకము. లీటరునకు 28 మొదలు 31 మిల్లీగ్రాములు. దినమునకు సుమారు 45 కిలోలు పోవుచుండెనని వారి యంచనా. స్వీడన్ దేశమంతయు అయిదు దినములలో వాడు మందుతో అది సమానము. రక్తపుపోటు మందు లొసార్టాన్ లీటరునకు 2.4 మిల్లీగ్రాములకు పైన. మన మెటోప్రోలాల్ లీటరునకు 0.8 మొదలు 0.95 మిల్లీగ్రాములు. ఆ కేంద్రమునుండి దినమునకు వెడలుచుండిన నీరు సుమారు 15 లక్షల లీటరులు. ఇక మిగిలిన గుణకారము ఎవరైన చేయవచ్చును: తక్కువ లెక్కనే తీసికొన్నను దినమునకు 1.2 కిలోల మెటోప్రోలాల్. రోగికి దినమునకు 50 మిల్లీగ్రాముల వంతున 24,000 మందికి ఒకనాటి మాత్ర. ఇన్ని వేలమంది గుండెలకు ఇరువది గంటలపాటు బొట్టుబొట్టుగా కొలిచి యివ్వదగినది, కొలత లేక ఇసుకవాగులో పడినది.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆ నీటిని ఒక లీటరు త్రాగినను ఒక మాత్రలో ఏబదవ వంతు మెటోప్రోలాలైనను కడుపులోనికి పోదు. దానివలన ఎవని గుండెయు ఆగదు. అసలు భయము క్రిమినాశకముల వలన. క్రిమికి దినదినము కొంచెము కొంచెముగ విషము పెట్టినచో అది చావక ఆ విషమునకు అలవాటుపడును. కాలక్రమమున విడుదల యను విద్య గుండెకు ఎంత మేలుచేయునో, వాగులోని క్రిములకు అంత మేలు చేసినది. 2009లో అదే శాస్త్రజ్ఞుల బృందము ఈ ప్రాంతపు చెఱువులలోను, కొన్ని గ్రామముల బావులలోను సైతము మందులు కలవని ప్రకటించినది. తరువాతి పరిశోధకులు వాగు అడుగుమంటిలో మందులకు లొంగని గుణము గల సూక్ష్మజీవులను కనుగొనిరి. అట్టి క్రిమి మనుష్యునికి సోకిననాడు, గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన రోగి కుట్లు చీముపట్టిననాడు, వైద్యుని చేతిలో మందు పనిచేయదు. గుండె బాగుపడియు పుండుతో పోవుట జరుగవచ్చును.

తరువాత ఆ కేంద్రమునుండి హైదరాబాదులోని అంబర్‌పేట మురికినీటి శుద్ధికేంద్రమువఱకు 18 కిలోమీటర్ల గొట్టమును వేసిరి. ఇసుకవాగునకు కొంత ఊపిరి తిరిగినది. నీరు మూసీ ప్రక్కకు పోయినది. మంజీర నుండి తీసి మూసీలో పోసిరని ఆక్షేపించినవారును కలరు. కొన్ని పెద్ద కర్మాగారములు తమ మురికినీటిని తామే మరగించి ఆవిరిచేసి, ఉప్పును వేఱుచేసి, చుక్క బయటికి పోనీయని యంత్రములను అమర్చుకొనినవి. అది వ్యయముతో కూడిన పని. చిన్న కర్మాగారములకు భారము. వర్షము కుఱిసిన రాత్రులలో కొందఱు దొంగచాటుగ నీరు వదలుదురను ఆరోపణ గ్రామములలో నేటికిని వినబడుచున్నది.

మందుల కర్మాగారము వదలు నీటిలో ఏ క్రిమినాశకము ఎంతకు మించి యుండరాదో తెలుపు కొలతలను విధింపదలచి కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖవారు 2020 జనవరిలో ఒక ముసాయిదాను ప్రకటించిరి. ప్రపంచములో అట్టి చట్టము అరుదని పలువురు మెచ్చిరి; పరిశ్రమవారు ఆక్షేపణలు పంపిరి. 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనలలో ఆ కొలతలు లేవు. మెటోప్రోలాల్ క్రిమినాశకము కాదు గనుక, ముసాయిదాలోని పట్టికలోనైనను దాని పేరు లేదు.